రేస్ ఇస్తే మోతే తప్ప బండి కదలట్లేదు: ఏటీవీకి ఇంజను పని చేయించాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. వికారాబాద్ దగ్గర మీ రిసార్టులో రెండు ఏటీవీలు, అంటే మట్టి దారుల్లో తిప్పే నాలుగు చక్రాల బండ్లు, ఉన్నాయి. రెండూ 150 సీసీ చైనా ఇంజనువి, ఆటోమేటిక్, పక్కన ముందుకి-న్యూట్రల్-వెనక్కి లివరు. జూన్‌లో రైడ్లు ఆపి రేకుల షెడ్డులో పెట్టారు, అక్టోబరులో తీశారు. ఒకటి బాగానే నడుస్తోంది. రెండోది సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది, రేస్ ఇస్తే మోత బాగా ఎక్కుతుంది, కానీ బండి పాకుతున్నట్టు కదులుతుంది. ఎత్తు మీద ఇద్దరు కూర్చుంటే అసలు కదలదు, కాసేపటికి కాలిన వాసన కూడా వస్తోంది. చూసిన మెకానిక్ పిస్టన్ పోయింది, ఇంజను దించి బోరు చేయాలి (సిలిండరు లోపల గీకి సాఫీ చేయడం), 22 వేలు అవుతుంది అన్నాడు. చేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే ఇంజను దించనివ్వకండి. మీరు రాసినవన్నీ ఇంజను తిరుగుడుని చక్రాల వైపు చేరవేసే బెల్టు జారే లక్షణాలు, లేకపోతే బెల్టు వెనకాల ఉండే క్లచ్ పట్టని లక్షణాలు. రెండూ ఎడమ పక్కన ఉండే పొడవాటి కవరు కిందే ఉంటాయి. ఎనిమిదో నంబరు బాక్స్ స్పానరు చేతిలో ఉంటే అరగంటలో తెరిచి కళ్లతో చూసేయొచ్చు, ఆ 22 వేల సంగతి తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పిస్టన్ గానీ దాని చుట్టూ ఉండే రింగులు గానీ పోయిన ఇంజనుకి మోత ఎక్కదు. బరువు పడేసరికి మూలుగుతుంది, తిరగడం తగ్గిపోతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, పోసిన ఆయిల్ వారం వారం తగ్గుతూ ఉంటుంది. మీ బండిలో ఇంజను హుషారుగానే తిరుగుతోంది, ఆ తిరుగుడు చక్రాల దాకా రావట్లేదు, అంతే. ట్రాక్టరు నడిపినవాళ్లకి ఇది కొత్త కాదు, క్లచ్ ప్లేటు అరిగిన ట్రాక్టరు దుక్కిలో గీపెడుతుంది కానీ జరగదు.

నా దగ్గరికి ఏ ఏటీవీ "పికప్ లేదు" అని వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: రేస్ ఇచ్చినప్పుడు మోత పెరుగుతోందా, పెరగట్లేదా? పెరుగుతుంటే ఎడమ పక్క కవరు విప్పాలి. పెరగకపోతే పెట్రోలు, గాలి, కరెంటు, కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూడాలి. ఈ రెండూ పూర్తిగా వేరే దారులు. చాలామంది రెండింటినీ కలిపి "పికప్ లేదు" అని ఒక్క ముక్క చెప్తారు, మెకానిక్ తనకి బాగా తెలిసిన పని మొదలుపెడతాడు. ఇంజను పనిలో చెయ్యి తిరిగినవాడైతే ఇంజనే విప్పుతాడు, అందులో మోసం ఉండాల్సిన పని లేదు, అలవాటు అంతే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఎవడో నెట్‌లో చదివి చెప్తున్నాడు అనుకుంటారు. నేను పని నేర్చుకుంది విశాఖలో, కైనెటిక్ హోండా స్కూటర్ల మీద. ఆ బండి 1984లో వచ్చింది, నేను షెడ్డులో చేరేనాటికి పాతబడినవి వరసగా రిపేరుకి వస్తుండేవి. గేర్లు లేని బండి అంటే అప్పట్లో చాలామంది పెద్ద మెకానిక్కులు ముట్టుకునేవారు కాదు, అందుకే అవన్నీ మా గురువు గారి దగ్గరికి, ఆయన చేతి కింద నా దగ్గరికి వచ్చేవి. చాలా ఏళ్ల తర్వాత భీమిలి రోడ్డు వైపు బీచ్‌లో రైడ్లు నడిపే ఒకాయన ఏటీవీ తెచ్చి పడేశాడు. ఇదేదో విమానం అన్నంత భయంగా ఎడమ కవరు విప్పాను. చూస్తే లోపల నాకు తెలిసిన సరుకే! ముందు పుల్లీ, వెనక పుల్లీ, మధ్యలో బెల్టు, చివర క్లచ్. అప్పటి నుంచి బీచ్ బండ్లు, అరకు వైపు హోంస్టేల బండ్లు చేస్తూనే ఉన్నాను.

అందుకే మీకు మొదటి సలహా, మీ 150 సీసీ ఏటీవీని నాలుగు చక్రాల యాక్టివా అనుకోండి. రివర్స్ గేరు, చైను, వెనక ఇరుసు అదనం. బుల్లెట్లు చేసే మెకానిక్‌నో ట్రాక్టరు మెకానిక్‌నో కాకుండా వికారాబాద్‌లోనో తాండూరులోనో రోజూ స్కూటర్ల బెల్టులు మార్చే కుర్రాణ్ణి పట్టుకోండి. ఏటీవీ ఎప్పుడూ చూడలేదు అంటాడు. కవరు విప్పి చూపించండి, పని వాడికి దానంతటదే తెలుస్తుంది.

ఇక లోపల జరిగేది. ఇంజను ఇరుసు చివర ముందు పుల్లీ ఉంటుంది, దీన్నే వేరియేటర్ అంటారు. దాని లోపల ఆరు రోలర్లు. ఇంజను వేగంగా తిరిగేకొద్దీ ఆ రోలర్లు బయటికి జరిగి పుల్లీ రెండు ముఖాల్నీ దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది, దాంతో వెనక పుల్లీ విచ్చుకుంటుంది. గేరు మారడం అంటే ఇక్కడ ఇదే. వెనక పుల్లీ మీద క్లచ్ షూలు ఉంటాయి. ఇంజను ఒక వేగం దాటాక అవి విచ్చుకుని బయట ఉన్న గిన్నెని, అంటే క్లచ్ బెల్‌ని, పట్టుకుంటాయి. ఆ గిన్నె తిరిగితే చిన్న గేరుబాక్సు తిరుగుతుంది, అక్కడి నుంచి చైను వెనక ఇరుసుకి పోతుంది. ఇదేమీ చైనావాళ్ల కొత్త కనిపెట్టుడు కాదు, నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ 1958లోనే బెల్టు గేరుతో కారు చూపించింది. సరే, అది పక్కన పెడదాం.

కవరు ముట్టుకునే ముందు పది నిమిషాల పని ఒకటి ఉంది. లివరు న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాలు నేల వదిలేలా బండిని లేపండి. కింద చెక్క దుంగలు గానీ స్టాండ్లు గానీ పెట్టండి, బోలుగా ఉండే సిమెంటు ఇటుకలు మాత్రం వద్దు, అవి చెప్పకుండా విరుగుతాయి. ఇప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బిగుసుకుని ఉంటే వెనక డిస్క్ బ్రేకు క్యాలిపర్ తుప్పుతో పట్టేసి ఉండొచ్చు, లేదా పార్కింగ్ బ్రేకు తీగ వెనక్కి రావట్లేదు. నాలుగు నెలలు తేమలో నిలబడిన బండికి ఇది మామూలే. బ్రేకు పట్టేసి ఉన్నా మీరు చెప్పినట్టే ఉంటుంది, ఇంజను అరుస్తుంది, క్లచ్ జారుతుంది, వాసన వస్తుంది. చైను కూడా చూడండి. పట్టుకుని పైకీ కిందికీ కదిపితే కొంచెం ఆడాలి, వీణ తీగలా బిగిసి ఉంటే తుప్పు పట్టి లింకులు బిర్రబిగిశాయి అన్నమాట.

వాసన విషయం కూడా కొంచెం గమనించండి. కాలిన రబ్బరు వాసన అయితే బెల్టు. ఘాట్ రోడ్డు దిగుతున్న లారీ వెనకాల వచ్చే బ్రేకు లైనర్ వాసన అయితే క్లచ్ షూలు. ముక్కుతోనే సగం తెలిసిపోతుంది, కానీ దాన్నే నమ్ముకోకండి.

సరే, కవరు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ప్లగ్గు క్యాపు ఊడదీయండి, ఎవరో సరదాగా సెల్ఫ్ నొక్కారంటే వేళ్లు పోతాయి. బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి ఏ బోల్టుని ఆ చోటే గుచ్చుకోండి. పొడవు బోల్టు పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం కేసు పగులుతుంది. లోపల నల్లటి దుమ్ము కొంచెం ఉంటే కంగారు పడకండి, అది బెల్టు అరుగుదల. ఆ దుమ్ముని నోటితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి, క్లచ్ లైనింగ్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇప్పుడు చూడాల్సింది, నేను చూసే వరసలోనే చెప్తాను.

తడి ఉందా, ఉంటే దేనిది? మీ వైపు ఎర్రమట్టి. అది వర్షం నీళ్లతో కలిసి లోపలికి చేరితే కుంకుమ ముద్దలా పుల్లీల మీద కూర్చుంటుంది. కవరు కింది భాగంలో నీళ్లు పోవడానికి చిన్న కన్నం గానీ డ్రెయిన్ ప్లగ్గు గానీ ఉంటుంది, మట్టితో మూసుకుపోయిందేమో పుల్లతో పొడవండి. నీళ్లు కాకుండా జిడ్డు కనిపిస్తే మాత్రం వేలికి రాసుకుని వాసన చూడండి. ముందు పుల్లీ వెనకాల జిడ్డు అయితే క్రాంక్ (ఇంజను ఇరుసు) ఆయిల్ సీలు కారుతోంది, అది ఇంజను ఆయిల్. క్లచ్ వైపు జిడ్డు ఉండి కుళ్లిన గుడ్డులా ఘాటుగా గంధకం వాసన వస్తే గేరు ఆయిల్, అక్కడి షాఫ్టు సీలు పోయింది. బీచ్‌లో ఒకాయన ఒక్క సీజన్‌లో మూడు బెల్టులు మార్చాడు, నాసిరకం బెల్టులు అమ్ముతున్నారని కొట్టువాణ్ణి తిట్టుకుంటూ. కారణం వంద రూపాయలు కూడా చేయని ఒక సీలు. జిడ్డులో ఎంత మంచి బెల్టయినా జారుతుంది.

బెల్టు వెడల్పు. మీ రకం ఇంజనుకి సాధారణంగా 842-20-30 అనో, పొట్టి కేసు అయితే 743-20-30 అనో బెల్టు మీదే రాసి ఉంటుంది. మొదటిది పొడవు మిల్లీమీటర్లలో, రెండోది వెడల్పు, మూడోది అంచుల కోణం. అంటే కొత్తది 20 మిల్లీమీటర్ల వెడల్పు. వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే స్కేలు) కొలిచి ఒక మిల్లీమీటరుకి మించి అరిగి ఉంటే నేనైతే మార్చేస్తాను. వెడల్పు బాగానే ఉన్నా పక్కలు అద్దంలా మెరుస్తుంటే, లోపలి పళ్ల మధ్య పగుళ్లు ఉంటే, దారాలు బయటికి వస్తుంటే అప్పుడు కూడా మార్చాల్సిందే. కొనేటప్పుడు "150 సీసీ ఏటీవీ బెల్టు ఇవ్వు" అని అడగకండి, పాత బెల్టు మీద నంబరు చూపించి అదే నంబరు అడగండి. యాక్టివా బెల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ కొలత వేరు, సరిపోదు. పాత బెల్టు మీద నంబరు చెరిగిపోతే ఆ బెల్టునే కొట్టుకి పట్టుకెళ్లండి.

క్లచ్ షూలు ఆడుతున్నాయా? మీ బండి విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. క్లచ్ షూలు చిన్న పిన్నుల మీద తిరుగుతాయి. నాలుగు నెలలు తేమలో కదలకుండా ఉంటే ఆ పిన్నులు తుప్పుతో బిగిసిపోతాయి. మూడు షూల్లో ఒకటే విచ్చుకుంటుంది, మిగతా రెండూ మొండికేస్తాయి. ఒక్క షూ ఎంత బరువు లాగుతుంది? అరకు దగ్గర ఒక హోంస్టే బండికి అచ్చం ఇదే. వానాకాలం అంతా టార్పాలిన్ కింద పెట్టి, దసరాకి తీస్తే కదలలేదు. వాళ్లు అప్పటికే కార్బొరేటర్ కొత్తది వేశారు, ప్లగ్గు మార్చారు, సీడీఐ (ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే డబ్బా) కూడా మార్చారు. నేను వెళ్లి క్లచ్ గిన్నె తీసి స్క్రూడ్రైవర్‌తో షూలని నెడితే రెండు అసలు కదల్లేదు. విప్పి పిన్నులకి ఎమరీ కాగితం రుద్ది, పిన్ను మీద మాత్రం చిటికెడు గ్రీజు పెట్టి, షూల పైభాగం మెరుపు పోయేలా తేలిగ్గా గీకి, గిన్నె లోపల తుప్పు తీసి బిగించాను. కొత్త సామాను ఒక్కటీ వేయలేదు. ఆ సీడీఐ డబ్బులు తల్చుకుని ఆయన ఇప్పటికీ బాధపడతాడు.

గిన్నె నీలం రంగుకి తిరిగి ఉంటే బాగా వేడెక్కింది అని గుర్తు. షూల మీది లైనింగ్ రెండు మిల్లీమీటర్ల లోపుకి వస్తే షూలు మార్చండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్లచ్ గిన్నె తీయడం వరకు ఎవరైనా చేయొచ్చు, కానీ క్లచ్‌ని వెనక పుల్లీ నుంచి విడదీసే పెద్ద నట్టు కింద బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది. నొక్కి పట్టుకోకుండా నట్టు విప్పితే అది ఎగిరి మొహానికి తగులుతుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి విప్పితే స్ప్రింగు పోయి పైన రేకుకి తగిలింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. వడ్రంగి వాడే క్లాంపుతో నొక్కి విప్పండి, లేకపోతే ఆ ఒక్క పనికి స్కూటరు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

వెనక పుల్లీ కూడా అక్కడే ఉంది కాబట్టి రెండు ముఖాల్నీ చేత్తో విడదీసి వదలండి. స్ప్రింగు జోరుతో టక్కున మూసుకోవాలి. మట్టితో మొరాయిస్తే బండి ఎప్పుడూ టాప్ గేరులో బయల్దేరుతున్నట్టు ఉంటుంది.

రోలర్ల గురించి చాలామంది అడుగుతారు. మీ ఇంజనులో సాధారణంగా 18×14 కొలతవి ఆరు ఉంటాయి. గుండ్రంగా ఉండాలి, ఒక పక్క చదునుగా అరిగితే మార్చండి. అయితే రోలర్లు అరిగినంత మాత్రాన బెల్టు జారదు, బండి కుదుపుతుంది లేదా వేగం అందుకోదు, కాబట్టి మీ జబ్బు అది కాదు. కొట్లో తేలిక రోలర్లు వేస్తే ఎత్తు బాగా ఎక్కుతుంది అంటారు, అది నిజమే, తేలికవి వేస్తే ఇంజను ఎక్కువ వేగం దగ్గర గేరు మారుస్తుంది. మీ అనంతగిరి ఎత్తుపల్లాలకి ఒక గ్రాము తగ్గించి చూడొచ్చు. అంతకంటే తగ్గిస్తే మోతే మిగులుతుంది, పెట్రోలు తాగేస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు జరిగే తప్పు గురించి మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఈ తప్పు నేనే చేశాను. కొత్త బెల్టు బిర్రుగా ఉంటుంది. ముందు వెనక పుల్లీ ముఖాల్ని విడదీసి బెల్టుని లోతుగా లోపలికి నెట్టాలి, అప్పుడు ముందు వైపు బెల్టు వదులవుతుంది, ఆ తర్వాతే ముందు పుల్లీ బయటి ముఖం (ఫ్యాను రెక్కలు ఉండేది) పెట్టి నట్టు బిగించాలి. అలా చేయకపోతే బెల్టు ఆ ముఖానికీ లోపలి గొట్టానికీ మధ్య నలిగి ఇరుక్కుంటుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే చేతికి తెలుస్తుంది. నాలుగు రౌండ్లు తిరిగాక బెల్టు జారి తన చోటుకి వెళ్తుంది, నట్టు వదులైపోతుంది, ఫ్యాను ముఖం ఊగి క్రాంకు ఇరుసు మీది గాడుల్ని తినేస్తుంది. ఒక బీచ్ బండికి ఇలా చేసి క్రాంకు మార్చాల్సి వచ్చింది, ఖర్చు నా జేబులోంచే. నట్టు బిగించాక ప్లగ్గు తీసి ఇంజనుని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి, బెల్టు రెండు పక్కలా సాఫీగా పాకుతూ తిరగాలి, ఆపైన నట్టు ఇంకోసారి చూడండి. ఇంకో మాట, నట్టు విప్పేటప్పుడు ఫ్యాను రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపకండి, రెక్కలు విరుగుతాయి. ఇంపాక్ట్ గన్ ఉన్నవాడి దగ్గర రెండు నిమిషాల పని. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే వైపుకి ఉండాలి. పుల్లీ ముఖాలకీ బెల్టుకీ గ్రీజు చుక్క కూడా తగలకూడదు. పెట్రోలుతో తుడిచి బాగా ఆరనిచ్చి బిగించండి.

ఇక మెకానిక్ చెప్పింది నిజం అయ్యే అవకాశం లేదా అంటే, ఉంది, కానీ దానికి పరీక్ష ఉంది. కంప్రెషన్ గేజ్ తెప్పించండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తీసి గేజ్ పెట్టి, రేస్ పూర్తిగా తిప్పి ఉంచి సెల్ఫ్ కొట్టండి. ఈ ఇంజనుకి 150 పీఎస్‌ఐకి అటూ ఇటూ వస్తే నిశ్చింత. వంద లోపు ఉంటే ఒక చెంచా ఇంజను ఆయిల్ ప్లగ్గు కన్నంలో పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వులు, అప్పుడు ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే చోట ఉండే సందు, చూడండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.10 మిల్లీమీటరు సందు ఉండాలి, బిగుసుకుపోతే కూడా కంప్రెషన్ తగ్గుతుంది. ఈ అంకెలు చూపించకుండా బోరు మాట ఎత్తే వాడికి బండి ఇవ్వకండి. ఆయిల్ స్టిక్కు కూడా తీసి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఇంజనులోకి నీళ్లు చేరాయి. అప్పుడు స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్చి, ఐదు నిమిషాలు తిప్పి, మళ్లీ మార్చాలి.

రెండో దారి, అంటే మోత పెరగని బండ్ల సంగతి ఇక్కడ పొడిగా చెప్పేస్తా, రేపు ఇంకెవరో అడుగుతారు. షెడ్డులో పెట్టి తీసిన బండి రేస్ ఇవ్వగానే గొంతు పట్టేసి ఆగిపోతుంటే పదింటికి ఏడుసార్లు కార్బొరేటరే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపింది, ఆ ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్లు కిందికి దిగి కార్బొరేటర్‌లోని చిన్న జెట్‌ని (పెట్రోలు వచ్చే సన్న కన్నం) మూసేస్తాయి. జెట్‌లో ఇనప తీగ గుచ్చకండి, కన్నం పెద్దదవుతుంది, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పెట్టండి. ఇంకోటి, ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి చూడండి. ఎలుకలు! గూడు కట్టుకుని నూలుపోగులు, వడ్లపొట్టు నింపేసిన డబ్బాలు నేను ఎన్ని తీశానో లెక్కే లేదు. అసలు స్టార్టే కాని బండ్లలో సగానికి కారణం ఎర్ర కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉండటమో, బ్రేకు నొక్కకుండా సెల్ఫ్ కొట్టడమో. నవ్వకండి, ముప్పై కిలోమీటర్లు వెళ్లి స్విచ్ నొక్కి వచ్చిన రోజులు ఉన్నాయి. పిల్లలు నడిపే బండ్లకి రేస్ లివరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, వేగం తగ్గించడానికి. అది ఎవరో బిగించి మర్చిపోతారు, "పికప్ లేదు" అని బండి షెడ్డుకి వస్తుంది.

బాగు చేశాక మళ్లీ ఇదే రాకుండా ఉండాలంటే నడిపే తీరు మారాలి. మీ బండి ఒక్కరి కోసం చేసింది. మీ కుర్రాడు నడుపుతూ వెనకాల టూరిస్టుని కూర్చోబెడితే, ఎత్తు మీద బ్రేకు వదిలేసి రేస్‌తోనే బండిని ఆపి ఫోటోలు తీస్తే, ఆ రెండు నిమిషాల్లో క్లచ్ రెండు నెలల అరుగుదల అరుగుతుంది. ఎత్తులో ఆగాలంటే బ్రేకే. ఇద్దరు ఎక్కితే బండి తిరగబడే ప్రమాదం కూడా ఎక్కువ, వెనక ఇరుసు ఒకే కడ్డీ కాబట్టి మలుపులో అది మామూలు బండిలా తిరగదు, ఈ విషయంలో మొహమాట పడకండి. నీటి గుంటల్లోంచి పోయి బెల్టు తడిస్తే అక్కడే ఆపి డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లు వదిలేయండి. న్యూట్రల్‌లో పెట్టి రేస్ పెంచుతూ తగ్గిస్తూ పది పదిహేను సెకన్లు తిప్పండి, అలాగే పట్టి ఉంచొద్దు. ఆ తర్వాత మెల్లగా కదిలించి చూసి ముందుకి పోండి. తడి బెల్టుతో మొండిగా రేస్ ఇస్తే పక్కలు అద్దంలా అయిపోతాయి, అదిక తిరిగి రాదు. ఫుల్ ప్రెషర్ వాటర్ గన్‌ని కవరు గాలి గొట్టం మీదకీ ఇరుసు బేరింగుల మీదకీ కొట్టనివ్వకండి.

వచ్చే జూన్‌కి పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ కింద స్క్రూ వదులు చేసి అందులోది కూడా దించేయండి. బ్యాటరీ తీసి నెలకోసారి చార్జింగు పెట్టండి. సైలెన్సర్ మూతికీ ఫిల్టరు గొట్టానికీ గుడ్డ కుక్కి, ఆ గుడ్డ తోక ఎర్రగా బయటికి వేలాడేలా వదలండి, స్టార్ట్ చేసేవాడికి కనపడాలి. పదిహేను రోజులకోసారి చక్రాలు చేత్తో తిప్పమని వాచ్‌మన్‌కి చెప్పండి, బ్రేకు, చైను పట్టేయవు. క్లచ్ పిన్నులకి మాత్రం చేత్తో తిప్పితే లాభం లేదు, పెట్టే ముందే కవరు విప్పి తుడిచి బిగించాలి.

ఖర్చు ఎంత అంటారా, తుప్పే అయితే కూలీ మాత్రమే. బెల్టు, రోలర్లు, ఒక సీలు, కవరు గ్యాస్కెట్ అన్నీ వేసినా మీకు చెప్పిన 22 వేలలో నాలుగో వంతు దాటకూడదు.

కవరు విప్పాక బెల్టు మీద నంబరు, వెర్నియర్ అంకె, గిన్నె లోపలి ఫోటో పెట్టండి, చూసి చెప్తాను. ఆ బాగున్న ఇంకో బండి కవరు కూడా ఇప్పుడే విప్పి చూడండి, అది కూడా అదే షెడ్డులో అన్నే నెలలు ఉంది కదా.